నిఘంటుకారుల కాలమానం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెతను మనవాళ్ళు సాధారణంగా ఖర్చు విషయంలో వాడతారు. నాకు మాత్రం అది డబ్బు కన్నా కాలాన్ని గురించి చెప్పిన మాటగా తోస్తుంది. డబ్బు తక్కువైతే అప్పు పుడుతుంది. కాలం తక్కువైతే అప్పు ఇచ్చేవారు లేరు.

ఈ ఆలోచన నాకు పుస్తకాలు చదివి కలిగింది కాదు. నాలుగేళ్ళ క్రితం సంక్రాంతికి గోదావరి జిల్లాలోని మా ఊరు వెళ్ళినప్పుడు మా పెదనాన్నగారు నాలుగు నోటుపుస్తకాలు నా చేతిలో పెట్టారు. ఆయన పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు. మా ఊళ్ళో వ్యవసాయానికీ, వంటింటికీ, పశువులకూ సంబంధించిన మాటలు ఒకటొకటిగా వినిపించకుండా పోతున్నాయని ఆయనకు బెంగ. ముప్ఫై ఏళ్ళుగా ఏ మాట తగిలితే ఆ మాటను, ఒక్కోసారి క్యాలెండరు కాగితం వెనకనైనా సరే, రాసి పెట్టుకున్నారు. తరువాత వాటిని నోటుపుస్తకాలలోకి ఎక్కించారు. సుమారు మూడు వేల మాటలు. "నువ్వు కంప్యూటరులో తెలుగు రాస్తావట కదరా, దీన్నొక పుస్తకంలా చేసి పెట్టగలవా?" అని అడిగారు.

నేను అక్కడికక్కడే లెక్క వేశాను. రోజుకు ఇరవై మాటలు ఎక్కిస్తే నూట యాభై రోజులు, అంటే అయిదు నెలలు. అవాంతరాల కోసం మరో నాలుగు నెలలు కలుపుకుని, దసరా నాటికి పుస్తకం మీ చేతిలో ఉంటుందని మాట ఇచ్చాను. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో ఈనాటికీ నాకు కాగితం మీద కనిపించదు. గుణకారం సరిగానే ఉంది. కానీ ఆ తరువాత నాలుగు దసరాలు వెళ్ళిపోయాయి. నేనింకా 'ద' దగ్గర ఉన్నాను.

నా సోమరితనాన్ని చాటుకోవడానికి ఇది రాయడం లేదు. అది కొంత ఉంది, కాదనను. కానీ ఈ పని చేస్తూ, ఓదార్పు కోసమే అనుకోండి, నిఘంటువుల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అక్కడ నాకొక వింత కనిపించింది. నాకన్నా ఎన్నో రెట్లు పండితులూ, శ్రమజీవులూ, క్రమశిక్షణ కలవారూ అయిన మహనీయులు సరిగ్గా నేను చేసిన తప్పునే చేశారు. అదే గుణకారం, అదే నమ్మకం, అదే ఫలితం.

* * *

మొదట శామ్యూల్ జాన్సన్. ఇంగ్లీషు భాషకు నిఘంటువు రాసి ఇస్తానని 1746లో లండను పుస్తక ప్రచురణకర్తలతో ఒప్పందం చేసుకున్నాడు. గడువు మూడేళ్ళు. ఫ్రెంచి అకాడమీలో నలభైమంది పండితులు ఇలాంటి పనికి నలభై ఏళ్ళు తీసుకున్నారు కదా అని ఒక మిత్రుడు అడిగితే, ఒక ఆంగ్లేయుడికీ ఫ్రెంచివాడికీ ఉన్న నిష్పత్తి సరిగ్గా అదేనని ఛలోక్తి విసిరినట్లు ఆయన జీవితచరిత్రకారుడు బాస్వెల్ రాశాడు. నిఘంటువు వెలువడింది 1755 ఏప్రిల్‌లో. మూడేళ్ళన్నది తొమ్మిదేళ్ళయింది.

ఈ ఛలోక్తిని అందరూ తలుచుకుంటారు గానీ, దాని రెండో సగాన్ని తలుచుకోరు. ఈ తొమ్మిదేళ్ళ మధ్యలో, 1752లో, జాన్సన్ భార్య చనిపోయింది. పుస్తకం పూర్తయ్యాక రాసిన పీఠికలో ఆయన విజయోత్సాహం చూపలేదు. తాను ఎవరిని సంతోషపెట్టాలనుకున్నాడో వారిలో చాలామంది సమాధుల్లోకి చేరిపోయారని, ఇక పొగడ్తకూ తెగడ్తకూ తనకు భేదం లేదని చెప్పుకున్నాడు. ఆలస్యానికి వడ్డీ ఎవరు కడతారో తెలియజేసే వాక్యం అది. దాన్ని చదివిన రోజున నేను పెదనాన్నగారికి ఫోను చేశాను. చెప్పడానికి ప్రత్యేకంగా ఏమీ లేకపోయినా చేశాను.

* * *

ఇక ఈ విషయంలో అన్నిటికన్నా పెద్ద కథ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువుది. లండనులోని ఫైలలాజికల్ సొసైటీలో 1857లో మొదలైన చర్చ, మరుసటి ఏడు కొత్త నిఘంటువు నిర్మించాలన్న తీర్మానంగా మారింది. తొలి సంపాదకుడు హెర్బర్ట్ కోల్‌రిడ్జ్, ప్రసిద్ధ కవి కోల్‌రిడ్జ్ మనుమడు. స్వచ్ఛందంగా పనిచేసే పాఠకులు పాత పుస్తకాలు చదివి, ఒక్కో ప్రయోగాన్ని ఒక్కో చీటీ మీద రాసి పంపాలి. వాటిని సర్దడానికి ఆయన 54 గూళ్ళున్న ఒక చెక్క బీరువా చేయించాడు. సుమారు లక్ష చీటీలు పడితే చాలనుకున్నాడు. 1860లో, మరో రెండేళ్ళలో తొలి భాగం లోకానికి అందించగలనన్న ధీమా వ్యక్తం చేశాడు. 1861లో క్షయవ్యాధితో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై.

ఆ తరువాత వచ్చిన ఫ్రెడరిక్ ఫర్నివాల్ ఉత్సాహవంతుడే గానీ నిలకడ లేనివాడు. చీటీలను అక్షరాలవారీగా విడదీసి ఉపసంపాదకులకు పంచిపెట్టాడు. కొందరు పని మానేశారు, కొందరు ఊళ్ళు మారారు, కొందరు కన్నుమూశారు. చీటీలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఇరవై ఏళ్ళు అలా గడిచాక, 1879 మార్చిలో, జేమ్స్ మర్రే అనే బడిపంతులు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయంతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. పదేళ్ళలో, సుమారు ఏడువేల పుటలలో, నాలుగు సంపుటాలుగా నిఘంటువు పూర్తి కావాలి.

ఫర్నివాల్ దగ్గర నుంచి మర్రేకు వచ్చిన చీటీల బరువు దాదాపు రెండు టన్నులు. ఒక గోనెసంచిలో చచ్చిన ఎలుక ఉంది. మరొక దానిలో చుంచెలుక ఒకటి కాగితాల మధ్య పిల్లలు పెట్టి సుఖంగా సంసారం చేస్తోంది. 'హెచ్' అక్షరం చీటీలు ఇటలీలో, ఫ్లారెన్సు నగరంలో తేలాయి. 'పి ఏ'తో మొదలయ్యే మాటల చీటీలు ఐర్లండులో ఒక గుర్రపుశాలలో దొరికాయి. వాటిలో కొన్నిటిని అప్పటికే నిప్పు రాజేయడానికి వాడేశారు. మర్రే తన ఇంటి ఆవరణలో ఇనుపరేకుల షెడ్డు ఒకటి వేసి, వెయ్యికి పైగా గూళ్ళు కట్టించి పనిలోకి దిగాడు. రోజుకు 33 మాటలు పూర్తిచేస్తే గడువు నిలబడుతుందని లెక్క. (నా ఇరవై మాటల లెక్కకు ఇది అన్నగారు!) తీరా చూస్తే ఒక్కోసారి ఒక్క మాట ముప్పాతిక రోజును మింగేసేది.

తొలి భాగం 1884లో వచ్చింది. పదేళ్ళ గడువులో అయిదేళ్ళు గడిచాయి. చేతికి వచ్చినవి 352 పుటలు. 'ఎ' దగ్గర మొదలై 'యాంట్', అంటే చీమ, అన్న మాట దగ్గర ఆగాయి. ఆ ఆగిన చోటు ఆ పని నడకను చూసి పెట్టినట్లే ఉంది. మర్రే బడి ఉద్యోగం వదిలేసి 1885లో ఆక్స్‌ఫర్డుకు మకాం మార్చాడు. తరువాత హెన్రీ బ్రాడ్లీ, విలియం క్రెయిగీ, చార్లెస్ ఆనియన్స్ ఒకరి తరువాత ఒకరు సంపాదకులుగా చేరారు. మర్రే తన పిల్లలను కూడా చీటీలు సర్దే పనిలో పెట్టాడు. 1917లో తన ఎనభయ్యో పుట్టినరోజు నాటికి పూర్తి కావాలని ఆశపడ్డాడు. 1915 జూలైలో, 'టి' అక్షరం మీద పనిచేస్తూ, 78వ ఏట మరణించాడు.

నిఘంటువు పూర్తయింది 1928 ఏప్రిల్‌లో. నాలుగు సంపుటాలన్నది పది సంపుటాలయింది. ఏడువేల పుటలు పదిహేను వేలు దాటాయి. పదేళ్ళు 49 ఏళ్ళయ్యాయి. అందులో 4,14,825 మాటలున్నాయి. ఇంత చేసినా 'బాండ్‌మెయిడ్', అంటే దాసి, అన్న మాట తొలి ముద్రణలో లేదు. దాని చీటీలు ఎక్కడో జారిపోయాయి.

* * *

ఇది ఒక్క ఇంగ్లీషు వారి సంగతే అయితే వారి జాతి లక్షణమని సరిపెట్టుకోవచ్చు. జర్మనీలో, జానపద కథలతో మనకందరికీ తెలిసిన గ్రిమ్ సోదరులు 1838లో జర్మన్ నిఘంటువుకు పూనుకున్నారు. తొలి సంపుటం 1854లో వచ్చింది. తమ్ముడు విల్‌హెల్మ్ 'డి' అక్షరం ముగించి 1859లో కన్నుమూశాడు. అన్న యాకబ్ 1863లో, 'ఫ్రుఖ్ట్', అంటే ఫలం, అన్న మాట దగ్గర కలం వదిలాడు. ఆ నిఘంటువు పూర్తయింది 1961లో. ఈ మధ్యలో జర్మనీ ఒక సామ్రాజ్యమైంది, రెండు యుద్ధాలు ఓడింది, రెండు దేశాలుగా చీలింది. చీలిన రెండు దేశాల పండితులూ కలిసి దాన్ని ముగించారు.

స్వీడిష్ అకాడమీ నిఘంటువు తొలి భాగం 1893లో వస్తే చివరి సంపుటం 2023లో వచ్చింది. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయం 1921లో తలపెట్టిన అస్సీరియన్ నిఘంటువు 2011లో ముగిసింది. మన దేశంలో, పుణె డెక్కన్ కళాశాలలో ఎస్. ఎం. కత్రే 1948లో ప్రారంభించిన సంస్కృత మహానిఘంటువు 1970ల నుంచి భాగాలుగా వెలువడుతూ, దశాబ్దాల పాటు 'అ'కారంలోనే సాగింది.

ఇక్కడొక ప్రశ్న. జాన్సన్ సంగతి గ్రిమ్‌లకు తెలియదా? గ్రిమ్‌ల సంగతి మర్రేకు తెలియదా? తెలుసు. వారు చదవని నిఘంటువు లేదు. ముందువారికి ఎంత కాలం పట్టిందో తెలిసి కూడా, తమ పని దగ్గరకు వచ్చేసరికి వేరే లెక్క ఎందుకు వేసుకున్నారు?

* * *

ఈ ప్రశ్నకు సమాధానం మనస్తత్వ శాస్త్రజ్ఞుల దగ్గర దొరికింది. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు పండితులు 1970ల చివర ఈ పొరపాటుకు ఒక పేరు పెట్టారు. తెలుగులో 'ప్రణాళికా భ్రమ' అనుకుందాం. కానెమన్ 2011లో ప్రచురించిన తన గ్రంథంలో ఒక స్వానుభవం చెప్పాడు. 1970లలో ఇజ్రాయెల్‌లో ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం, నిర్ణయాలు ఎలా తీసుకోవాలన్న విషయం మీదనే, ఒక పాఠ్యపుస్తకం రాయడానికి ఆయన ఒక బృందాన్ని కూర్చాడు. ఒకనాడు, ఎంత కాలం పడుతుందో ఎవరికి వారే కాగితం మీద రాయమన్నాడు. అందరూ ఒకటిన్నర, రెండున్నర సంవత్సరాల మధ్యనే రాశారు. అప్పుడు పాఠ్యప్రణాళికల్లో ఆరితేరిన సేమోర్ ఫాక్స్ అనే సభ్యుణ్ణి, ఇలాంటి బృందాలు ఇంతకుముందు ఎంత కాలం తీసుకున్నాయని అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, కాస్త సిగ్గుపడుతూ, నూటికి నలభై బృందాలు అసలు పూర్తి చేయనే లేదని, చేసినవాటిలో ఏదీ ఏడేళ్ళకు తక్కువ తీసుకోలేదని చెప్పాడు. ఆ విషయం తెలిసిన ఆ మనిషి కూడా తన కాగితం మీద రెండున్నరేళ్ళకు మించి రాయలేదు! పుస్తకం ఎనిమిదేళ్ళకు పూర్తయింది. అప్పటికి దాన్ని కోరిన ప్రభుత్వ శాఖకు ఆసక్తి పోయింది. దాన్ని ఎన్నడూ పాఠంగా చెప్పనేలేదు.

కానెమన్ చెప్పిన కారణం ఇది. మన పనిని మనం లోపలి నుంచి చూస్తాం. ఈ మాట, ఈ చీటీ, ఈ వారం, ఇలా ఒక కథ అల్లుకుంటాం. ఆ కథలో అన్నీ వరుసగా జరుగుతాయి. బయటి నుంచి చూసేవాడికి మాత్రం అది ఇలాంటి వంద పనుల్లో ఒక పని. ఆ వందకు ఏమి జరిగిందో దీనికీ అదే జరుగుతుందని అతడు తేలిగ్గా చెప్పగలడు. పక్కింటివాడి ఇల్లు ఏడాదికి గానీ పూర్తి కాదని మనం ఠక్కున చెప్పేస్తాం. మన ఇంటి దగ్గరకు వచ్చేసరికి, మేస్త్రీ మంచివాడు కనుక ఆరు నెలలు చాలునంటాం.

కెనడాలో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో, సిద్ధాంతవ్యాసం రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్ళలో ముగిస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. సరే, అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్ళని అడిగారు. 48.6 రోజులన్నారు. నిజానికి పట్టినవి 55.5 రోజులు. అన్నీ అడ్డం తిరుగుతాయనుకుని వేసిన లెక్క కూడా మామూలుగా జరిగేదానికి చాల్లేదన్న మాట. నేను అవాంతరాల కోసం కలిపిన నాలుగు నెలలు నాకు వెంటనే గుర్తుకొచ్చాయి.

దీని వెనక ఒక చిన్న లెక్క కూడా ఉంది. ఒక పనిలో పది మెట్లున్నాయనుకోండి. ఒక్కో మెట్టూ అనుకున్న వేళకు పూర్తయ్యే అవకాశం నూటికి తొంభై. ఏ మెట్టు చూసినా భయం లేదు. కానీ పదీ వేళకు పూర్తయ్యే అవకాశం నూటికి ముప్ఫై అయిదు మాత్రమే. మనకు తగిలే అవాంతరాల్లో ఏ ఒక్కటీ ముందుగా ఊహించదగింది కాదు. ఏదో ఒకటి తగలడం మాత్రం దాదాపు ఖాయం. తగిలిన తరువాత మనం దాన్ని 'ఈసారికి ఇలా అయింది' అని పక్కన పెట్టేస్తాం. పోయినసారి జ్వరం, అంతకుముందు పెళ్ళి, అంతకుముందు బదిలీ. ప్రతిదీ ఒక మినహాయింపే. కనుక మన జ్ఞాపకంలో ఆలస్యాలన్నీ మినహాయింపులుగా మిగులుతాయి, అనుభవంగా పోగుపడవు.

రెండో కారణం నాకు నా పనిలోనే తెలిసింది. 'ఒక మాట ఎక్కించడం' అన్నది ఒక పని కాదు. పెదనాన్నగారి పుస్తకంలో గాదె, గరిసె, పురి, పాతర అని నాలుగు మాటలున్నాయి. నాలుగింటికీ ఎదురుగా 'ధాన్యం నిలవ చేసేది' అని రాసి ఉంది. ఆయనకు నాలుగూ కళ్ళముందున్న వస్తువులు కనుక అంతకన్నా రాయాలని తోచలేదు. నాకు తేడా తెలియాలి. ఫోను చేశాను. పాతర భూమిలో తవ్వేది, పురి గడ్డితాడు చుట్టి కట్టేది అని వెంటనే చెప్పారు. గాదెకూ గరిసెకూ తేడా దగ్గర ఆగి, "ఉండరా, పక్క ఊళ్ళో ఒకాయన్ని కనుక్కుని చెబుతాను" అన్నారు. ఆ కబురు రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో నేను వేరే మాటలు ఎక్కించవచ్చు కదా అంటారేమో. ఎక్కించాను. వాటిలోనూ ఇలాంటివే తగిలాయి. రోజుకు ఇరవై మాటలన్న నా లెక్కలో టైపు చేసే కాలం ఉంది, తెలుసుకునే కాలం లేదు. మర్రే 33 మాటల్లోనూ అదే జరిగింది.

* * *

తెలుగునాట ఈ చరిత్ర మరింత మనసుకు తగిలేది. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు 1910లలో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టారు. సర్వశాస్త్రాలనూ అకారాది క్రమంలో తెలుగువారికి అందించాలన్నది సంకల్పం. ఎన్నో వ్యాసాలు తామే రాశారు. 1923 జూలైలో, 46వ ఏట, మద్రాసులో కన్నుమూసేనాటికి మూడు సంపుటాలయ్యాయి. వర్ణమాలలో తొలి అక్షరాల దగ్గరే పని ఆగింది. ఆ తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1930లలో దాన్ని పునరుద్ధరించబూనుకున్నారు. 1938లో వారూ వెళ్ళిపోయారు.

1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, పిఠాపురం మహారాజా వారి పోషణలో, జయంతి రామయ్య పంతులుగారి ఆధ్వర్యంలో సూర్యరాయాంధ్ర నిఘంటువును చేపట్టింది. తొలి సంపుటం 1936లో వెలువడింది. రామయ్య పంతులుగారు 1941లో పరమపదించారు. ఎనిమిది సంపుటాలలో మిగిలినవి, స్వాతంత్ర్యం వచ్చి, రాష్ట్రం ఏర్పడిన తరువాతి దశాబ్దాల దాకా వస్తూనే ఉన్నాయి. కానీ పూర్తయింది! ఈనాడు మనం అర్థం వెతుక్కునేటప్పుడు ఆ పేరు ఎంత మామూలుగా చూస్తామో కదా. దాని వెనక ఎన్ని తప్పిన గడువులున్నాయో ఏ పుటలోనూ ఉండదు.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి అనిపిస్తుంది. కాలాన్ని తక్కువ అంచనా వేయడంలో ఇద్దరికీ తేడా లేదు. కోల్‌రిడ్జ్, మర్రే, గ్రిమ్ సోదరులు, లక్ష్మణరావుగారు, రామయ్యగారు, అందరూ ఆ విషయంలో ఒక్కటే. తేడా మరోచోట ఉంది. ఒకరు వదిలిన చోట మరొకరు అందుకోగలిగేలా పని అమరి ఉందా లేదా అన్నదే తేడా. కోల్‌రిడ్జ్ పోయినా ఆయన గూళ్ళలోని చీటీలు నిలిచాయి. గూళ్ళు లేని ఇరవై ఏళ్ళలో చీటీలు ఎలుకల పాలయ్యాయి. గ్రిమ్‌ల పనిని తరువాతి తరాలు అందుకున్నాయి. సూర్యరాయాంధ్రం వెనక ఒక పరిషత్తు ఉంది. విజ్ఞాన సర్వస్వం బరువు చాలావరకు ఒక్క మనిషి భుజం మీద ఉంది.

మరో మార్గమూ ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది. అది వ్యవసాయ పదాలది. తరువాత 1971లో చేనేత పదాలది వచ్చింది. అక్షరాల వరుసలో కాక, వృత్తుల వరుసలో పని విడగొట్టారు. దీని అందం నాకు ఈమధ్యనే తెలిసింది. అకారాది క్రమంలో 'అ' నుంచి 'ద' దాకా చేసి ఆగితే అది సగం పుస్తకం. నాగలి కోసం వెతికేవాడికి అది దేనికీ పనికిరాదు. వ్యవసాయం ఒక్కటి చేసి ఆగితే అది పూర్తి పుస్తకమే.

* * *

మరి కాలం సంగతి సరిగ్గా తెలిసి ఉంటే ఎవరైనా ఇలాంటి పనులు మొదలుపెట్టేవారా? ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1967లో సరిగ్గా ఈ మాటే అన్నాడు. కష్టాలను మన కళ్ళకు కనపడకుండా దాచే ఒక అదృశ్య హస్తం ఉందని, దాని పుణ్యమా అని మనం పనులకు పూనుకుంటామని, తీరా కష్టం ఎదురయ్యాక మనకే తెలియని శక్తి బయటపడుతుందని ఆయన వాదన. తరువాతివారు లెక్కలు చూపి దీన్ని కాదన్నారు. నెగ్గినవాటి కథలే మనకు వినిపిస్తాయి, మధ్యలో మునిగినవి వినిపించవు అన్నది వారి అభ్యంతరం. వారి మాటలో న్యాయముంది. నిజమే, 1879లో ఎవరైనా మర్రేతో '49 ఏళ్ళు పడుతుంది, నువ్వు చూడవు' అని ఉంటే ఆ ముద్రణాలయం సంతకం పెట్టేది కాదేమో. కానీ పెదనాన్నగారికి నేను 'దసరా' అనకుండా 'తెలియదు' అని ఉంటే ఆయన పుస్తకాలు ఇవ్వకుండా ఉండేవారా? ఇచ్చేవారే. తొందర నాది, ఆయనది కాదు. గడువు అడిగింది ఆయన కాదు, చెప్పింది నేను. మాట ఇచ్చేటప్పుడు కలిగే సంతోషం కోసమే మనం సగం గడువులు చెబుతామేమో.

పెదనాన్నగారికి ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళు. చూపు మందగించింది. ఫోనులో ఎప్పుడూ "ఎంతవరకు వచ్చావురా?" అని అడిగేవారు. ఏడాదిగా ఆ ప్రశ్న మానేశారు. ఆ మానేయడం నాకు అడగడం కన్నా బరువుగా ఉంది.

అందుకని ఈసారి లెక్క మార్చాను. నాలుగేళ్ళలో నేను నిజంగా చేసింది పదమూడు వందల మాటలు, అంటే రోజుకు ఒక్కటి కూడా కాదు. ఇదే నా వేగం. ఇదే లెక్కన మిగిలినవి పూర్తికావడానికి మరో అయిదేళ్ళు. ఆ సంఖ్యను కాగితం మీద రాసి చూసుకోవడం కష్టంగానే ఉంది. కానీ అది రాశాకే మిగతా దారి కనిపించింది. అక్షరక్రమం వదిలేశాను. నాలుగు పుస్తకాల్లోంచి ధాన్యానికి సంబంధించిన మాటలు మాత్రమే, నారుమడి నుంచి గాదె దాకా, ఏరి పక్కన పెట్టాను. సుమారు రెండు వందల నలభై ఉన్నాయి. వాటిలో సగానికి పైగా ఇదివరకే సిద్ధం. వాటిని పెద్ద అక్షరాలతో, ఆయన కళ్ళకు ఆనేలా, చిన్న పుస్తకంగా అచ్చు వేయించి తీసుకువెళతాను. అట్ట మీద 'మొదటి భాగం' అని ఉంటుంది. రెండోది రాకపోయినా అది పుస్తకమే.

మిగిలిన మాటలకు, నాకు తెలిసినదీ తెలియనిదీ వేరువేరుగా గుర్తులు పెట్టి, మా పెదనాన్నగారి మనుమరాలికి ఒక ప్రతి ఇచ్చాను. ఆ అమ్మాయికి భాష మీద ఇష్టం ఉంది. నేను ఆగిన చోటు ఆమెకు తెలియాలి కదా.

మొన్న ఫోనులో ఈ సంగతి చెప్పి, ఎప్పటికన్నది చెప్పబోయి ఆగిపోయాను. ఆయనే అందుకున్నారు. "గాదెకీ గరిసెకీ తేడా సరిగ్గా రాశావా? అదొక్కటీ తప్పు పోనీయకు. ఎప్పుడైనా ఫరవాలేదు" అన్నారు.

రాశానని చెప్పాను. ఆ ఒక్కటి మాత్రం నిజంగా రాశాను.